ఊళ్ళో కేబుల్ టీవీని అమెరికా నుంచి చూడాలి: సొంతంగా ఏర్పాటు చేసుకున్నవాళ్ళు చెప్పండి

కౌశిక_ఒడ్డు (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అంబాజీపేట పక్క పల్లె. అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. వాళ్ళింట్లో వచ్చే కేబుల్ టీవీని నేను ఇక్కడ నెట్ మీద చూడాలి.

సినిమాలు, సీరియళ్ళు, పెద్ద న్యూస్ ఛానళ్ళు నాకు అక్కర్లేదు. అవి యాప్‌లలో దొరుకుతున్నాయి. నాకు కావాల్సింది మా కేబుల్ వాళ్ళ లోకల్ ఛానల్. ఏ ఊళ్ళో ఏ తీర్థం, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు కాలం చేశారు, కొబ్బరికాయ ధర ఎంత పలికింది, కాలువ ఎప్పుడు కట్టేస్తున్నారు అన్నవి అందులో తప్ప ఎక్కడా రావు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం పొద్దుణ్నుంచి లైవ్ ఇస్తారు. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒక్క తోటలో కలిసే రోజది. గంగలకుర్రు ప్రభలు భుజాల మీద కౌశిక ఏరు దాటుతుంటే చూడటం చిన్నప్పటి నుంచి అలవాటు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన శకటం అదే అయినప్పుడు దేశమంతా చూసింది. కానీ నాకు మా ఊరి కెమెరా చూపించేదే కావాలి.

ఇంట్లో ఉన్నవి: 100 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్, మామూలు ఎస్‌డీ సెట్‌టాప్ బాక్స్, నేను వదిలి వచ్చిన పాత ల్యాప్‌టాప్. నాన్న టీవీ రిమోట్ తప్ప ఇంకేదీ ముట్టుకోరు. ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు?

బెజవాడ_బాబీ (విజయవాడ)

అన్నా, మా నాన్న కేబుల్ ఆపరేటర్. కంట్రోల్ రూంలోనే పెరిగాను కాబట్టి ముందు మా వైపు సంగతి చెబుతా.

ఏదీ కొనకముందు ఆపరేటర్‌కి ఒక ఫోన్ కొట్టు. లోకల్ ఛానళ్ళు చాలావరకు పండగలప్పుడు యూట్యూబ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో కూడా లైవ్ పెడుతున్నాయి. మీ వాళ్ళు పెడుతుంటే నీ పని సగం అయిపోయినట్టే.

రెండోది, ల్యాప్‌టాప్‌కి ట్యూనర్ తగిలించి కేబుల్ వైరు నేరుగా గుచ్చేద్దామని ఎవరైనా చెబితే వినకు. అనలాగ్ రోజుల్లో అది నడిచింది. టీవీ ట్యూనర్ కార్డు పెట్టి కంప్యూటర్‌లో అన్ని ఛానళ్ళూ చూసేవాళ్ళు. 2011 చట్ట సవరణతో కేబుల్ డిజిటల్ అయింది. హైదరాబాద్, విశాఖలకు రెండో విడతలో 2013 మార్చి గడువు, పల్లెలకు నాలుగో విడతలో 2017 మార్చి. అప్పటి నుంచి సిగ్నల్ స్క్రాంబుల్ అయ్యే వస్తుంది. మా దగ్గర లోకల్ ఛానల్ కూడా కంట్రోల్ రూంలో ఎన్‌కోడ్ అయ్యి మిగతావాటితో కలిసే బయటికి పోతుంది. దాన్ని విప్పే కార్డు సెట్‌టాప్ బాక్స్‌లోనే ఉంటుంది. అంటే బాక్స్‌లోంచి బయటికొచ్చిన బొమ్మనే పట్టుకోవాలి, వేరే దారి లేదు.

ఎడిసన్_పాతకాపు (న్యూజెర్సీ)

బాబీ చెప్పిన పనికే ఒకప్పుడు రెడీమేడ్ పెట్టె ఉండేది. స్లింగ్‌బాక్స్. కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

క్రికోరియన్ సోదరులిద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులు. ప్రయాణాల్లో ఉన్నప్పుడు తమ జట్టు ఆటలు చూడలేకపోతున్నామని, ఇంటి కేబుల్‌కి తాము నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నామని వాళ్ళకి వచ్చిన ఆలోచన అది. 2005లో మొదటి పెట్టె అమ్మకానికి వచ్చింది. కేబుల్ బాక్స్ నుంచి ఏవీ (ఆడియో-వీడియో) వైరు ఇందులోకి, ఇందులోంచి నెట్ వైరు రూటర్‌లోకి. ఇంకో సన్న వైరు చివర ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఉండేది. దాన్ని కేబుల్ బాక్స్ ముందు అతికిస్తే, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మనం ఛానల్ మార్చవచ్చు. 2007లో ఎకోస్టార్ ఆ కంపెనీని 38 కోట్ల డాలర్లకు కొన్నది. నేను హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా ఎడిసన్ ఇంటి కేబుల్‌ని దానితోనే చూసేవాణ్ని.

2020 నవంబర్ 9న ఆ పెట్టెల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పారు, సరిగ్గా రెండేళ్ళకు 2022 నవంబర్ 9న సర్వర్లు ఆపేశారు. పెట్టె మన ఇంట్లో, కేబుల్ మనది, నెట్ మనది. అయినా లాగిన్ కంపెనీ సర్వర్ గుండా వెళ్ళాలి కాబట్టి ఆ రోజుతో అన్నీ మూగబోయాయి. కొందరు సొంతంగా స్లింగర్ అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా పంచారు. సర్వర్లు ఆగకముందే తమ పెట్టె పాస్‌వర్డు రాసి పెట్టుకున్నవాళ్ళు దానితో ఇప్పటికీ నడుపుకుంటున్నారు.

అందుకే, నువ్వు ఏది కట్టుకున్నా ఒకే ఒక ప్రశ్న వేసుకో: ఫలానా కంపెనీ రేపు తలుపులు మూసేస్తే నా ఇంట్లో ఇది నడుస్తుందా? నడవదు అంటే అది కొనకు.

రేపల్లె_ప్యాసింజర్ (హైదరాబాద్)

నా ఉద్యోగమే నెట్‌వర్కులు. మీ పాత ల్యాప్‌టాప్ ఉంది కదా, దాదాపు అదే సరిపోతుంది. దారి ఇలా ఉంటుంది.

సెట్‌టాప్ బాక్స్ వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు ఉంటాయి. ఆ ఏవీ వైరును యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కులో (బొమ్మను కంప్యూటర్‌లోకి పట్టే చిన్న పరికరం) పెట్టి, స్టిక్కును ల్యాప్‌టాప్‌కి తగిలించాలి. కొనేటప్పుడు లైనక్సులో (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) డ్రైవర్ ఉన్న చిప్పుది చూసుకోండి, ఎస్‌టీకే1160 గానీ యూటీవీ007 గానీ అయితే ఇబ్బంది ఉండదు. ల్యాప్‌టాప్‌లో లైనక్స్, దాని మీద ఎఫ్ఎఫ్ఎంపెగ్. వచ్చిన బొమ్మను హెచ్264 అనే వీడియో రూపంలోకి కుదించే పని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ది. దాన్ని అడిగినవాళ్ళకి అందించడానికి మీడియాఎంటీఎక్స్ అనే చిన్న సర్వర్ ప్రోగ్రాం. రెండూ ఉచితం, రెండూ మీ మెషీన్లోనే నడుస్తాయి, పాతకాపు గారి ప్రశ్నకు తట్టుకుంటాయి.

ఎస్‌డీ బొమ్మ 720 బై 576 మాత్రమే. దానికి 2 ఎంబీపీఎస్ ఇస్తే శుభ్రంగా ఉంటుంది. గంటకు 0.9 జీబీ. తీర్థం ఎనిమిది గంటలు ఏకబిగిన చూసినా 7.2 జీబీయే. ఈ మాత్రానికి కొత్త మెషీన్ అక్కర్లేదు. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కొందామనుకునేవాళ్ళకి ఒక మాట: పై 4లో హెచ్264 ఎన్‌కోడర్ చిప్పులోనే ఉంది, పై 5లో తీసేశారు. కొత్తదని పై 5 కొంటే ఆ పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

అసలు టెన్షన్ వేరే చోట ఉంది. టెక్సస్ నుంచి మీ ఇంటి రూటర్ దాకా రావడం. మీ రూటర్ పేజీలో వ్యాన్ అడ్రస్ (నెట్ కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చినది) ఎంతో చూసి చెప్పండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు, అంటే బయటి నుంచి నేరుగా మీ రూటర్ దాకా రాలేం.

కౌశిక_ఒడ్డు

బాబీ తమ్ముడూ, ఆపరేటర్‌తో మాట్లాడాను. పండగ లైవ్‌లు ఒక్కోసారి యూట్యూబ్‌లో పెడతారట, రోజూ పెట్టరట. పాటల కాపీరైట్ వల్ల మధ్యలో ఆగిపోతోందట. కాబట్టి నా ప్రయత్నం నేను చేయాల్సిందే.

రేపల్లె గారూ, వ్యాన్ అడ్రస్ 100.72తో మొదలైంది. మరి హెచ్‌డీఎంఐ వద్దా? హెచ్‌డీఎంఐ క్యాప్చర్ స్టిక్కులు చవగ్గానే కనిపిస్తున్నాయి.

బెజవాడ_బాబీ

హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ అనే తాళం ఉంటుంది అన్నా. క్యాప్చర్ స్టిక్కు పెడితే నల్ల తెరే వస్తుంది. ఆ తాళం ఊడగొట్టే స్ప్లిట్టర్లు బజార్లో దొరుకుతాయి, వాటి జోలికి పోకు. 2012లో మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చింది ఇలాంటి తాళాలు ఊడగొట్టే వ్యవహారాల గురించే. ఎస్‌డీ బాక్స్‌కి హెచ్‌డీఎంఐ పెట్టినంత మాత్రాన బొమ్మ బాగుపడదు కూడా. లోకల్ ఛానల్ కెమెరా నుంచి కంట్రోల్ రూం దాకా ఎస్‌డీలోనే నడుస్తోంది.

కొత్త హెచ్‌డీ బాక్సుల్లో మూడు పిన్నుల బదులు ఒక చిన్న 3.5 ఎంఎం రంధ్రం ఉంటుంది. దానికి వైరు కొనేటప్పుడు జాగ్రత్త. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల కలిపిన వరస వేరు. బొమ్మ రాకపోతే బాక్స్ పోయిందని గాభరా పడకుండా ఎరుపు పిన్నును పసుపు రంధ్రంలో పెట్టి చూడాలి. చాలాసార్లు బొమ్మ అందులోంచి వస్తుంది. అప్పటికీ గురగురమని శబ్దం వస్తే ఆ వైరు దీనిది కాదు, మార్చాలి.

మెల్‌బోర్న్_మాధవి (మెల్‌బోర్న్)

ఏలూరులో మా అమ్మ ఇంట్లో ఇలాంటిదే నడుస్తోంది. కంప్యూటర్ భాగం రేపల్లె గారు చెప్పేశారు, నేను గదిలో పరిస్థితి చెబుతాను.

నాకు వేరే బాక్స్, వేరే కనెక్షన్. నేను ఛానల్ మారిస్తే అమ్మ చూస్తున్నది మారకూడదని రెండో టీవీ కనెక్షన్ తీసుకున్నాను. రెండో టీవీకి చాలామంది ఆపరేటర్లు నెట్‌వర్క్ ఛార్జీ తగ్గించి ఇస్తారు, అడిగి తీసుకోండి. ఛానల్ మార్చడానికి వైఫై ఇన్‌ఫ్రారెడ్ పరికరం పెట్టాను. మన రిమోట్ బటన్లు దానికి నేర్పిస్తే ఫోన్ నుంచి నొక్కవచ్చు.

పెట్టిన మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. రెండు బాక్సులూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. అమ్మ తన రిమోట్ నొక్కితే నా బాక్స్ కూడా మారేది, నేను మెల్‌బోర్న్ నుంచి నొక్కితే అమ్మ సీరియల్ పోయేది. పాపం ఆవిడ టీవీ చెడిపోయిందని మెకానిక్‌ని పిలిచింది. చివరికి నా బాక్స్‌ని చెక్క బీరువాలోకి మార్చి, గదంతా వెదజల్లే పరికరం బదులు వైరు చివర బల్బు ఉండే రకం తెప్పించాం. ఆ బల్బును బాక్స్ కన్నుకు ఆనించి, పైన నల్ల టేపు రెండు వరసలు వేయించాను. అప్పటి నుంచి ఎవరి బాక్స్ వాళ్ళదే.

బీరువా తలుపు పూర్తిగా మూయకండి. మే నెల ఎండలకు సెట్‌టాప్ బాక్స్ లోపల వేడెక్కి బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోతుంది. బాక్స్ అప్పుడప్పుడూ బిగుసుకుపోతుంది కూడా, దాని ప్లగ్గు స్మార్ట్ ప్లగ్గులో పెట్టుకుంటే ఇక్కడి నుంచే ఆపి వేయవచ్చు. ఆ ఒక్క వస్తువుతో అమ్మకి ఫోన్ చేసి "ఆ వెనకాల నల్ల వైరు పీకమ్మా" అనే బాధ పోయింది.

ఓరుగల్లు_కోట (వరంగల్)

అన్నీ చదివాను. నేను అటువైపు మనిషిని, అంటే పిల్లలు విదేశాల్లో ఉండి ఇంట్లో పరికరాలు పెట్టిపోయిన తండ్రిని. కౌశిక బాబూ, ఒక మాట చెబుతాను, పెద్దవాడిగా అనుకో.

మా అబ్బాయి పెట్టిన వాటిలో ఏది ఆగినా మా ఇద్దరికీ రాత్రి నిద్ర ఉండదు. "నాన్నా, ఆ లైటు పచ్చగా ఉందా ఎర్రగా ఉందా?" అని అడుగుతాడు. వాడికి కోపం రాదు, మాకే చేతకాలేదే అనిపిస్తుంది. నువ్వు రెండో బాక్స్, ఇన్‌ఫ్రారెడ్ బల్బు, స్మార్ట్ ప్లగ్గు అన్నీ పెడితే అందులో ప్రతి వస్తువూ ఏదో ఒక రోజు మీ నాన్నకి పని చెబుతుంది.

నాకొక అనుమానం. మీ నాన్నగారు చూసేది ఎక్కువగా ఏ ఛానల్? ఆ లోకల్ ఛానలే అయితే ఆయన చూసేదే నువ్వూ చూడవచ్చు కదా. ఒకే బాక్స్ నుంచి టీవీకీ నీ ల్యాప్‌టాప్‌కీ రెండు వైపులకీ బొమ్మ పోదా?

రేపల్లె_ప్యాసింజర్

పోతుంది సార్, చాలా మంచి ఆలోచన. ఎక్కువ బాక్సులు హెచ్‌డీఎంఐ, ఏవీ రెండింట్లోనూ ఒకేసారి బొమ్మ ఇస్తాయి. టీవీకి హెచ్‌డీఎంఐ, ల్యాప్‌టాప్‌కి ఏవీ. ఒకవేళ బాక్స్‌లో ఏవీ ఒక్కటే ఉంటే, రెండు వైపులకు పంచే ఏవీ డిస్ట్రిబ్యూటర్ పెట్టాలి. వైరును వై ఆకారంలో చీల్చితే రెండు తెరల్లోనూ బొమ్మ మసకబారుతుంది.

రిమోట్ పరికరం అక్కర్లేదు, రెండో కనెక్షన్ అక్కర్లేదు. ఇంట్లో అదనంగా ఉండేది మూత వేసిన ల్యాప్‌టాప్, ఒక వైరు. ల్యాప్‌టాప్ ఆగిపోయినా వాళ్ళ టీవీకి ఏమీ కాదు. అది అన్నిటికన్నా పెద్ద లాభం.

అయితే వాళ్ళు ఏ ఛానల్ ఎప్పుడు చూస్తున్నారో మీకు కనబడుతుంది. అమ్మానాన్నలే అయినా ముందు చెప్పి, సరే అన్నాకే పెట్టండి.

కౌశిక_ఒడ్డు

కోట గారూ, మీ మాట నాకు బాగా పట్టింది. నిన్న నాన్నని అడిగాను. "నేను చూసేది నువ్వు చూస్తానంటే నాకేం అభ్యంతరంరా, మీ అమ్మ సీరియళ్ళు కూడా చూడాల్సొస్తుంది మరి" అన్నారు. అమ్మకి ఇంకా సంతోషం. ఏదైనా బాగున్నప్పుడు ఫోన్ చేసి "ఇప్పుడు పెట్టు" అంటుందట.

కాబట్టి ఒకే బాక్స్, రిమోట్ లేకుండా. ఇప్పుడు ఆ సీజీనాట్ సంగతి చెప్పండి.

రేపల్లె_ప్యాసింజర్

సీజీనాట్ అంటే ఒక్క పబ్లిక్ అడ్రస్ వెనక నెట్ కంపెనీ ఎంతోమందిని పెట్టడం. మీరు లోపలి నుంచి బయటికి వెళ్ళగలరు, బయటివాళ్ళు మీ రూటర్ తలుపు తట్టలేరు. పాత గైడ్లలో ఉండే పోర్ట్ ఫార్వార్డింగ్ ఇక్కడ పని చేయదు. మీ రూటర్లో తెరిచినా పైన కంపెనీ దగ్గర మూసే ఉంటుంది.

మూడు దారులున్నాయి. స్టాటిక్ ఐపీ (మీకొక్కరికే ఉండే మారని అడ్రస్) అడిగి కొనుక్కోవడం, దానికి వేరే ఛార్జీ. రెండోది ఐపీవీ6, అంటే కొత్త తరం నెట్ అడ్రసులు. మన దేశంలో చాలా నెట్ కనెక్షన్లకి ఐపీవీ6 వస్తోంది, దానికి సీజీనాట్ బెడద లేదు. రూటర్ ఫైర్‌వాల్‌లో వైర్‌గార్డ్ (రెండు మెషీన్ల మధ్య రహస్య దారి వేసే ప్రోగ్రాం) కోసం ఒక్క పోర్టు తెరిస్తే చాలు, కాకపోతే టెక్సస్ వైపు కూడా ఐపీవీ6 ఉండాలి. మూడోది టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాం. రెండు వైపులా వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, సీజీనాట్ ఉన్నా రెండు మెషీన్లూ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. చాలాసార్లు నేరుగానే కలుస్తాయి, కుదరకపోతే మధ్యలో వాళ్ళ రిలే సర్వర్ గుండా పోతాయి. రిలే మీద వీడియో నత్తనడక నడుస్తుంది కాబట్టి స్టేటస్‌లో డైరెక్ట్ అని ఉందో లేదో చూసుకోండి.

ఏ దారైనా సరే, వీడియో సర్వర్‌ని నేరుగా ఇంటర్నెట్ మీదికి వదలకండి. వైర్‌గార్డ్ లోపలే ఉంచండి.

ఎడిసన్_పాతకాపు

రేపల్లె గారూ, టెయిల్‌స్కేల్ కూడా కంపెనీయే, లాగిన్ వాళ్ళ సర్వర్ మీదే. స్లింగ్‌బాక్స్ కథే మళ్ళీ కాదా?

రేపల్లె_ప్యాసింజర్

సరైన ప్రశ్న. తేడా ఏమిటంటే ఇక్కడ కంపెనీ మీద ఆధారపడింది ఒక్క దారి మాత్రమే. రేపు అది మూతపడితే క్యాప్చర్, ఎన్‌కోడింగ్, సర్వర్ అన్నీ ఇంట్లో అలాగే నడుస్తుంటాయి, దారి ఒక్కటి మార్చుకోవాలి. టెయిల్‌స్కేల్ అడుగున ఉన్నది వైర్‌గార్డే, అది 2020 నుంచి లైనక్స్ కెర్నెల్‌లో భాగం. టెయిల్‌స్కేల్ లాగిన్ సర్వర్‌కి ప్రత్యామ్నాయంగా హెడ్‌స్కేల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం కూడా ఉంది, సొంతంగా నడుపుకోవచ్చు. నా సలహా అయితే మొదట టెయిల్‌స్కేల్‌తో నడిపించండి, కుదురుకున్నాక ఐపీవీ6 మీద వట్టి వైర్‌గార్డ్ కూడా పెట్టి ఉంచండి. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది.

ఇంకో సంగతి, స్పీడ్ టెస్ట్ చూసి మురిసిపోకండి. అది పక్క ఊరి సర్వర్ దాకా కొలిచే వేగం. కోనసీమ నుంచి టెక్సస్‌కి పోయి రావడానికి పావు సెకను పైనే పడుతుంది. దారిలో ఒక్క ప్యాకెట్ తప్పిపోయినా టీసీపీ (నెట్ మామూలుగా డేటా పంపే పద్ధతి) బెదిరి వేగం తగ్గించేస్తుంది, బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అందుకే లైవ్ వీడియో కోసం చేసిన ఎస్ఆర్‌టీ పద్ధతి వాడండి, మీడియాఎంటీఎక్స్‌కీ వీఎల్‌సీ ప్లేయర్‌కీ రెండింటికీ వచ్చు. దాని లేటెన్సీ (తప్పిపోయిన ముక్క కోసం ఆగే సమయం) మామూలుగా 120 మిల్లీసెకన్లు ఉంటుంది, అది మన దూరానికి చాలదు. పోయి వచ్చే సమయానికి నాలుగింతలు, అంటే 1200 దాకా పెట్టండి. బొమ్మ సెకను ఆలస్యమైనా కుదురుగా ఉంటుంది.

అనంత_సీమ (అరిజోనా)

అన్నా, నేను ఇక్కడ ఎంఎస్ చదువుతున్నా. ఇలాంటిది ఒకటి ఇంట్లో పెట్టించి, మా అపార్ట్‌మెంట్ల తెలుగు విద్యార్థులందరికీ లింకు ఇద్దామనుకుంటున్నా. నెట్ ఖర్చుకి తలా కొంచెం వేసుకుంటాం. ఐపీఎల్ వరకే. తప్పేమైనా ఉందా?

బెజవాడ_బాబీ

ఉంది తమ్ముడూ. మీ ఇంటి కనెక్షన్‌ని నువ్వు చూడటం వేరు, దాన్ని డబ్బు తీసుకుని పదిమందికి చూపించడం వేరు. కాపీరైట్ చట్టంలో 37వ సెక్షన్ ప్రసారకర్తకి 25 ఏళ్ళ హక్కు ఇస్తుంది. అనుమతి లేకుండా ప్రసారాన్ని మళ్ళీ ప్రసారం చేయడం, ఛార్జీ తీసుకుని జనానికి చూపించడం రెండూ అందులో స్పష్టంగా ఉన్నాయి. తలా కొంచెం వేసుకున్నా అది ఛార్జీయే. సొంతానికి రికార్డు చేసుకోవడాన్ని మాత్రం 39వ సెక్షన్ వదిలేస్తుంది. పైగా పట్టుబడితే ముందు కట్ అయ్యేది మీ ఇంటి కనెక్షన్, తర్వాత మా ఆపరేటర్ల రిజిస్ట్రేషన్ల మీదికి వస్తుంది.

ఎడిసన్_పాతకాపు

అమెరికాలో కూడా అంతే బాబూ. ఏరియో అని ఒక కంపెనీ ప్రతి చందాదారుకీ ఒక్కో బుల్లి యాంటెన్నా కేటాయించి, ఎవరి యాంటెన్నా వాళ్ళదే కాబట్టి ఇది సొంత వాడకమే అని వాదించింది. 2014 జూన్ 25న సుప్రీంకోర్టు 6-3తో కాదని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ఆ కంపెనీ దివాళా పిటిషన్ వేసింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నావు, ఇలాంటి వాటికి దూరంగా ఉండు. ఐపీఎల్‌కి ఇక్కడ చట్టబద్ధంగా చందా దొరుకుతుంది, గదిలో నలుగురు కలిసి కూర్చుని చూడండి.

అనంత_సీమ

అర్థమైంది, ఆ ఆలోచన మానేశాను. ఇద్దరికీ థాంక్స్. ఇంట్లో కేబుల్ లేకుండా ఫ్రీ డిష్ ఒక్కటే ఉన్నవాళ్ళకి వేరే పద్ధతి ఉందా? మా తాతయ్య వాళ్ళింట్లో అదే ఉంది, సప్తగిరి చూడాలని నాకు.

రేపల్లె_ప్యాసింజర్

అది ఇంకా తేలిక. డీడీ ఫ్రీ డిష్‌లో ఎంపెగ్-2లో వచ్చే ఛానళ్ళు స్క్రాంబుల్ లేకుండా వస్తాయి. శాటిలైట్ సిగ్నల్ పట్టే యూఎస్‌బీ డీవీబీ-ఎస్2 ట్యూనర్‌కి డిష్ వైరు పెట్టి టీవీహెడ్‌ఎండ్ ప్రోగ్రాం వేస్తే సెట్‌టాప్ బాక్స్ లేకుండానే బొమ్మ వస్తుంది. క్యాప్చర్ గొడవే లేదు. మీ తాతయ్య చూడటానికి అడ్డు రాకుండా డిష్‌కి రెండు అవుట్‌పుట్ల ఎల్ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే భాగం) పెట్టించు.

కౌశిక_ఒడ్డు

మా బావ అమలాపురం నుంచి వెళ్ళి అన్నీ బిగించాడు. టెయిల్‌స్కేల్ డైరెక్ట్‌గా కలిసింది. బొమ్మ వచ్చింది! కాకపోతే మూడు బాధలు.

మొదట బొమ్మ నలుపు తెలుపులో, పైకి కిందికి దొర్లుతూ వచ్చింది. రెండోది, కింద స్క్రోలింగ్‌లో సంతాప ప్రకటనలు, భూముల ప్రకటనలు పోతుంటాయి కదా, ఆ అక్షరాల అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయి చదవడానికి రావట్లేదు. నాకు కావాల్సిన సగం సమాచారం ఆ గీతలోనే ఉంటుంది. మూడోది, మాట వెనక సన్నగా జుయ్‌మని మోత.

రేపల్లె_ప్యాసింజర్

మూడూ మామూలువే. మొదటిదానికి క్యాప్చర్ సెట్టింగ్‌లో ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది, పాల్ అని మార్చండి. మన దేశం టీవీ పద్ధతి పాల్.

రెండోది ఇంటర్‌లేసింగ్. ఎస్‌డీ టీవీ సెకనుకి 50 సగం బొమ్మలు పంపుతుంది, ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. ల్యాప్‌టాప్ రెండింటినీ కలిపి ఒకటే బొమ్మ అనుకుంటే కదిలే అక్షరాలు చీలతాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో యాడిఫ్ ఫిల్టర్ పెట్టండి. మామూలుగా పెడితే సెకనుకి 25 ఫ్రేములు వస్తాయి, చీలిక పోతుంది గానీ స్క్రోలింగ్ కుదుపుతో నడుస్తుంది. మోడ్ 1 పెడితే 50 ఫ్రేములు వస్తాయి. అక్షరాలు టీవీలో లాగే జారిపోతాయి, చదవడానికి హాయిగా ఉంటుంది. బిట్‌రేటు 2 నుంచి 2.5 ఎంబీపీఎస్‌కి పెంచండి.

మూడోదానికి మీ బావగారిని ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడమనండి. బ్యాటరీ మీద మోత ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. కేబుల్ వైరు ఎర్తు ఒకటి, ఇంటి కరెంటు ఎర్తు ఒకటి, రెండూ కలిసి ఆ మోత. ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే పోతుంది.

కౌశిక_ఒడ్డు

మూడూ పోయాయి. ఇవాళ ఉదయం ఆఫీసుకు తయారవుతూ ఊళ్ళో రాత్రి వార్తలు చూశాను. పక్కింటి సూర్యారావు తాత గారి పెద్దకర్మ ప్రకటన స్క్రోలింగ్‌లో చదివి వెంటనే వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. ఇదివరకైతే నెలకో రెండు నెలలకో తెలిసేది. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

మరి కరెంటు పోతే ఎలా? మా వైపు వానలకి గంటలు గంటలు పోతుంది. నాన్నని లేపి ల్యాప్‌టాప్ ఆన్ చేయమనడం నాకు ఇష్టం లేదు.

మెల్‌బోర్న్_మాధవి

చాలా సంతోషం! బయోస్‌లో (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల పేజీ) ఛార్జర్‌కి కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుందేమో చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. అది ఉంటే, ప్రోగ్రాములు రెండూ బూట్ అవగానే వాటంతటవే మొదలయ్యేలా సర్వీసుగా పెట్టుకుంటే ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. రూటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టించండి, అమ్మానాన్నలకి వైఫై కూడా ఆగదు.

బ్యాటరీ గురించి ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి ఛార్జర్‌లోనే ఉంచితే, మన ఎండలకి పాత బ్యాటరీ ఉబ్బుతుంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టండి. మీ బావగారు ఎప్పుడు వెళ్ళినా ల్యాప్‌టాప్ అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చుందో లేదో చూడమనండి. కాస్త పైకి లేచినట్టున్నా ఆ రోజే ఆపి బ్యాటరీ తీయించేయండి. ఆ గదిలో పెద్దవాళ్ళు పడుకుంటారు.

ఓరుగల్లు_కోట

సంతోషం బాబూ. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఇది ఆగినా పరవాలేదు, టీవీ చూసుకోండి" అని రాసి ఆ ల్యాప్‌టాప్ మీద అతికించమను. మా ఇంట్లో అలాంటి కాగితం వచ్చాకే మీ ఆంటీ స్థిమితపడింది.

కౌశిక_ఒడ్డు

అలాగే అంకుల్, బావకి ఇప్పుడే చెప్పాను. చివరిగా ఒకటి: బెంగళూరులో మా చెల్లి కూడా చూస్తానంటోంది. ఇద్దరం ఒకేసారి చూస్తే ల్యాప్‌టాప్ తట్టుకుంటుందా?

రేపల్లె_ప్యాసింజర్

తట్టుకుంటుంది. ఎన్‌కోడింగ్ ఒక్కసారే జరుగుతుంది, సర్వర్ దాన్నే ఇద్దరికీ పంపుతుంది. అప్‌లోడ్ మాత్రం రెండింతలు, అంటే 5 ఎంబీపీఎస్. మీ కనెక్షన్‌కి అది లెక్కలోకి రాదు. చెల్లెలి ఫోన్‌లో టెయిల్‌స్కేల్ వేసి, ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే అనుమతి ఇవ్వండి. ఆమెకి దూరం తక్కువ కాబట్టి లేటెన్సీ 300 చాలు, బొమ్మ మీకన్నా దాదాపు సెకను ముందే కనబడుతుంది.